వెచ్చటి పాలలో మునిగిన గాజుపుల్ల

దీపావళి దగ్గరపడితే మా సిటీ డెస్కు రెండు వార్తలు తప్పకుండా అడిగేది. ఒకటి పటాకుల ధరలు, రెండోది కోవా కల్తీ. పటాకుల వార్త ఏటా ఒకటే. నిరుటి కాపీలో ధరలు మార్చి ఇచ్చినా ఎవరూ పట్టుకునేవారు కారు. కోవా వార్తకు మాత్రం తిరగాలి. పాతబస్తీ సందుల్లో కడాయిల పొగ పీల్చాలి. సేట్లు పెట్టిన మిఠాయి తిని కూడా వాళ్ల మీద రాయగల నిబ్బరం ఉండాలి. నాకు ఆ నిబ్బరం ఉందని మా డెస్క్ ఇన్‌ఛార్జి నమ్మకం. నాతో వచ్చే ఫొటోగ్రాఫర్‌కు అది ఏ కోశానా లేదన్నది కూడా ఆయన నమ్మకమే.

రిటైరయ్యాక సంతోష్‌నగర్‌లోనే ఉంటున్నాను. రిపోర్టింగ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొస్తారు. చాయ్ తాగుతారు, ఆఫీసు ముచ్చట్లు చెబుతారు, పోతారు. మొన్న వాళ్లలో ఒకమ్మాయి ఏదో వార్త గురించి మాట్లాడుతూ "మీటరే చూపించింది సార్, ఇంక డౌటేముంది?" అంది. అప్పుడు నేను గౌలిపుర పాల సంగతి చెప్పాను. విన్నంతసేపూ విని, "ఇది రాసిపెట్టండి సార్, మాకు పనికొస్తుంది" అంది. అందుకే రాస్తున్నాను. పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

ఫోన్లలో వాట్సాప్ కొత్తగా వచ్చి, ప్రతి గల్లీకీ ఒక గ్రూపు పుడుతున్న రోజులవి. మా ఇన్‌ఛార్జికి ఆ ఏడు ఒక ఆలోచన వచ్చింది. కల్తీ గురించి అధికారులు చెప్పింది రాయడం కాదు, జనం కళ్ల ముందే మనం పరీక్ష చేసి చూపిద్దామన్నాడు. కోఠీలో సైన్సు సామాన్లు అమ్మే దుకాణానికి తనే పోయి ఒక లాక్టోమీటరు, పొడుగాటి గాజు జాడీ కొనుక్కొచ్చాడు.

చూడనివాళ్ల కోసం చెబుతాను. లాక్టోమీటరంటే లోపల బోలుగా ఉండే గాజు బుడ్డి. అడుగున బరువు కోసం సీసపు గుండ్లు, పైన సన్నటి కాడ. కాడ మీద గీతలుంటాయి. కింది గీత దగ్గర 'ఎం' అని రాసుంటుంది, అది అసలు పాలకు గుర్తు. పై గీత దగ్గర 'డబ్ల్యూ', అది ఒట్టి నీళ్లకు. నడుమ మూడు, రెండు, ఒకటి. పాలు చిక్కగా ఉంటే ఈ గాజుపుల్ల 'ఎం' దగ్గర నిలబడి తేలుతుంది. నీళ్లు కలిసిన కొద్దీ మునుగుతుంది. ఇంతే దాని విద్య.

ఇన్‌ఛార్జి దాన్ని ముందు ఆఫీసు కాంటీన్‌లో పరీక్షించాడు. ఫ్రిజ్‌లోంచి పాలప్యాకెట్ తీయించి, కత్తిరించి, జాడీలో పోయించాడు. పుల్ల ఠీవిగా నిలబడింది. 'ఎం' గీత పాలలోంచి బాగా పైకి కనిపించింది.

"చూశారా నాయనా, అసలు పాలంటే ఇదీ" అన్నాడు.

"సార్, మన కాంటీన్ చాయ్‌ల వేసి చూడుండ్రి. పుల్ల మళ్ల దొరకది" అన్నాడు ఫొటోగ్రాఫర్.

విద్యార్థుల పేజీ చూసే సబ్ ఎడిటర్ ఒకామె అక్కడే టిఫిన్ చేస్తోంది. ఫిజిక్స్ చదివి, ఎలా వచ్చిందో మా వృత్తిలోకి వచ్చిన మనిషి. చేయి కడుక్కొని ఏదో చెప్పబోయింది. "పేజీ పంపాక మాట్లాడుకుందామమ్మా" అన్నాడు ఇన్‌ఛార్జి. ఆమె తలూపి వెళ్లిపోయింది.

ఫొటోగ్రాఫర్ గురించి కూడా ఒక మాట. బార్కస్ మనిషి. తాతల కాలంలో అరబ్బు దేశం నుంచి వచ్చిన కుటుంబం. వాడి తెలుగులో ఉర్దూ, ఉర్దూలో తెలుగు. ఏ గల్లీలో ఏం బాగుంటుందో నాలుక మీద రాసి పెట్టుకున్నవాడు. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి తినాలి వాడికి. కానీ ఫొటో తీసేటప్పుడు మాత్రం మనిషి మారిపోయేవాడు. ఒకే చోట నిలబడి, ఒకే దాన్ని మళ్లీ మళ్లీ తీసేవాడు. "ఒక్కటి చాలదా?" అంటే, "మొదటిది నేను చూసింది అన్నా, తర్వాతియి అదే చూపిచ్చింది" అనేవాడు. అర్థమైనట్టే ఉండేది, అయ్యేది కాదు.

పరీక్ష కోసం గౌలిపుర నుంచి శాలిబండ వైపు పోయే దారిలో ఒక మిఠాయి దుకాణం ఎంచుకున్నాం. ఎన్నో తరాలుగా అక్కడే ఉన్న వ్యాపారి కుటుంబం. సేటుకు మా ఆలోచన నచ్చింది. తన మెట్ల ముందు బల్ల వేయించాడు, పైన తెల్లగుడ్డ పరిపించాడు. పండుగ ముందర, పేపరువాళ్ల చేతుల మీదుగా, తన కోవాకు వాడే పాలు అసలువని తేలితే ఆయనకంటే సంతోషించేవాళ్లు ఎవరు?

పొద్దున్నే జనం పోగయ్యారు. మొదట ఒక ట్రాలీ ఆటో వచ్చింది. ఊరి బయటి నుంచి పాలు తెచ్చి చుట్టుపక్కల హోటళ్లకు పోసేవాడిది. క్యాన్ల చుట్టూ ఐసు కూరి ఉంది. కొన్ని పాలు జాడీలో పోస్తే పుల్ల మా కాంటీన్‌లో నిలబడ్డట్టే నిలబడింది. 'ఎం' గీత పాలకు పైన మెరిసింది. ఆటోవాడు అందరివైపూ చూసి కాలర్ సర్దుకున్నాడు.

ఆ తర్వాత ఆమె వచ్చింది. సేటు దుకాణానికి ఎప్పటినుంచో పాలు పోసే ఇల్లు వాళ్లది. గౌలిపురలో బర్రెల కొట్టాలు ఒక్కొక్కటే మూతపడి అద్దె పోర్షన్లు లేస్తుంటే ఇంకా మిగిలిన కొద్ది ఇళ్లలో అదొకటి. భర్త బస్సు డిపోలో మెకానిక్కు, పొద్దున డ్యూటీ. బర్రెలు, పాలు, వాడుకలు అన్నీ ఆమే చూసుకునేది. రెండు సందుల అవతల పిండి, నురగ తగ్గకముందే తెచ్చి సేటు కడాయిలో పోయాలి. అది వాళ్లిద్దరి ఇళ్ల మధ్య పాత కట్టుబాటు. సేటు అరచేయి క్యానుకు ఆనించి చూసేవాడు. వెచ్చగా ఉంటే తీసుకునేవాడు. వెచ్చదనం అంటే ఇవాళ్టి పాలు, ఈ ఇంటి పాలు, నడుమ ఇంకెవరి చేయీ పడని పాలు అని అర్థం. ఆ వీధిలో పాలకు వేరే సర్టిఫికెట్టు లేదు.

ఆమె నవ్వుతూనే బల్ల దగ్గరికొచ్చింది. "నాది గూడ చూడుండ్రి బిడ్డా. మా బర్రె పేరు గూడ పేపర్ల వేయుండ్రి" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు.

జాడీలో పాలు పోశాను. పుల్ల వదిలాను. అది దిగింది. 'ఎం' గీత మునిగింది. ఇంకొంచెం దిగి, 'మూడు' గీతకు సగం దూరంలో ఆగింది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరో ఒకతను ఫోన్ పైకెత్తి పుల్లనూ, ఆమె మొహాన్నీ, సేటు దుకాణం బోర్డునూ వరసగా వీడియో తీశాడు.

"ఇదేంది బిడ్డా? మళ్లొక్కసారి వేయి" అంది ఆమె. మళ్లీ వేశాను. అంతే.

"మీటరు అబద్ధం చెప్తదా అక్కా?" అన్నాడు ఆటోవాడు.

"నోరు మూస్కో. నీ అక్కను కాను" అంది ఆమె. కానీ గొంతులో ఇందాకటి బలం లేదు.

సేటు బోర్డు వైపు తిరిగిన ఫోన్లు చూశాడు. తలొంచుకొని, "అమ్మా, ఈ పూట పాలొద్దు" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం ఆ వీధికి అదే మొదటిసారట.

ఆమె క్యాను చంకకెత్తుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "రేపు పొద్దుగాల నా కొట్టానికి రాండ్రి. మీ పుల్లను గూడ తెచ్చుకోండ్రి. నువ్వు గూడ రా సేటూ. నీ కండ్ల ముందటనే పిండుత" అని వెళ్లిపోయింది.

ఆఫీసుకు వస్తే ఇన్‌ఛార్జి అప్పటికే శీర్షిక రాసి పెట్టుకున్నాడు: 'మునిగిన నిజం'. మునిగిన పుల్ల ఫొటో పెద్దగా, ఆమె మొహం పక్కన. నేను ఆగుదామన్నాను. ఆమె రమ్మని పిలిచింది, ఆమె చెప్పేది వినకుండా వేస్తే అది వార్త కాదు అన్నాను. ఆయన నా మొహం చూసి, "రేపు సాయంత్రం దాకా. ఆ తర్వాత పేజీ ఆగదు" అన్నాడు.

పేజీ ఆగింది కానీ వీడియో ఆగలేదు. ఇంటికొచ్చేసరికి నా భార్య ఫోన్ చూపిస్తూ, "గౌలిపుర పాలామె అట కదా, గిట్ల చేస్తదనుకోలే. మీ పేపరోళ్లే పట్టుకున్నరట" అంది. కింద మా పేపరు పేరు స్పష్టంగా రాసుంది. మేం ఒక్క అక్షరం అచ్చు వేయకముందే ఆ వార్త మా పేరుతో సంతోష్‌నగర్ చేరింది.

మర్నాడు కొట్టానికి పోయాం. నవంబరు పొద్దు, గాలి చల్లగా ఉంది. వాకిట్లో ఆమె బావ కూర్చుని ఉన్నాడు. భర్తకు అన్న, ఆ గల్లీలో నలుగురిలో పెద్దమనిషి. ఆయన వెనుక దున్నపోతు. దీపావళి వెళ్లగానే వచ్చే దున్నల పండుగ సదర్ కోసం దాన్ని మేపి, తోమి, నూనె రాసి నల్లరాయిలా నిగనిగలాడేట్టు పెట్టారు. సదర్ ఊరేగింపులో ఆ గల్లీ దున్నలన్నిటికీ ముందు నడిచేది ఆ ఇంటి దున్నే. పాత ఇల్లు, పాడి పేరున్న ఇల్లు అని ఇచ్చిన మర్యాద అది.

సేటు కూడా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

ఆమె చేతులు కడిగి, పొడిగుడ్డతో తుడుచుకుంది. చెంబు కడిగి, తుడిచి, సేటు ముందు బోర్లించి చూపించింది. బర్రె పక్కన కూర్చుంది. చెంబు అడుగుకు మొదటి ధార తగిలిన చప్పుడు, తర్వాత ధార మీద ధార పడి నురగలో మెత్తబడిన చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. ఆ చప్పుడు వినే అవకాశం ఇప్పుడు ఆ వీధిలో ఎంతమందికుందో తెలియదు.

చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. పాలు జాడీలో పోసి అరుగు మీద పెట్టి, పుల్ల వదిలాను. ఫొటోగ్రాఫర్ తీస్తూనే ఉన్నాడు.

పుల్ల మునిగింది. నిన్నటికంటే కొంచెం ఎక్కువే మునిగింది.

నేను సేటు వైపు చూశాను, సేటు నా వైపు చూశాడు. ఇద్దరం ఆమె చేతులు చూశాం. నీళ్ల బిందె అక్కడికి నాలుగు బారల దూరంలో ఉంది. ఇంతమందిమి కళ్లు తెరుచుకుని చూసినదాన్ని గాజుపుల్ల కాదంటోంది.

"ఉప్పు నాకించి బర్రెకు బాగ నీళ్లు తాపించినవా?" అన్నాడు సేటు, మెల్లగా. పుల్లను తప్పనడానికి ఎవరికీ మనసు రాలేదు చూడండి, చివరికి బర్రె మీదికి పోయింది.

ఆమె ఆయనకేసి తేరిపారా చూసింది. "నువ్వు పొద్దుగాల చెంబెడు నీళ్లు తాగితే నీ నెత్తురు పలచనైతదా సేటూ? బర్రె నీళ్లు తాగకుంటే ఏం తాగుతది, శర్బతా?"

నవ్వాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఊరంత చూసిన్రు, నేను గూడ చూసిన. ఈసారి దున్నను ముందట నడిపియ్యొద్దు. ఎనుక ఉండనియ్యి. లేకుంటే పదిమంది పదిరకాల అంటరు" అన్నాడు.

"బావా, నీ ముందటనే పిండిన కద!"

"పిండినవు. నేను కాదంటలేను. మరి గదేమంటున్నది?" అంటూ జాడీ వైపు చేయి చూపించాడు.

ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. "పాడి మీద ఒట్టు" అంది, పక్కనున్నవాళ్లకే వినపడేంత నెమ్మదిగా. పాల మీద బతికే ఇంట్లో అంతకుమించిన ఒట్టు లేదు. ఆ ఒట్టు కూడా ఆ పూట ఎవరికీ చాలలేదు. సేటు వాడుక పోతే బర్రెలను నిలబెట్టుకోవడం ఆమెవల్ల కాదు. దున్న వెనక్కి పోతే ఆ మాట ఆమె తర్వాతివాళ్లకు కూడా అంటుతుంది. రెండూ ఆ గాజుపుల్ల చేతిలో ఉన్నాయి.

అయినా ఇంటికొచ్చినవాళ్లకు మర్యాద మర్యాదే. కొంతసేపటికి లేచి, మిగిలిన పాలతో చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. చాయ్ ఆలస్యమైంది. సేటు, బావ పాత సదర్‌ల గురించి ముభావంగా మాట్లాడుకున్నారు. ఎవరి దున్న ఎప్పుడు ముందటి కాళ్లెత్తి నిలబడిందో, ఎవరి దున్న బ్యాండు చప్పుడుకు బెదిరి బట్టల దుకాణంలో దూరిందో. నేను నోట్స్ రాసుకోవడానికేమీ లేక గోడకానుకుని నిలబడ్డాను.

ఫొటోగ్రాఫర్ మాత్రం జాడీని వదల్లేదు. వెనుక దున్న కనిపించేట్టు, ముందు జాడీ ఉండేట్టు వంగి తీస్తున్నాడు. ఉన్నట్టుండి, "అన్నా, ఇటు రా" అన్నాడు. "పుల్ల లేచింది."

దగ్గరికి పోయి చూశాను. 'ఎం' గీత పైకి వచ్చి, సరిగ్గా పాల అంచున నిలబడింది.

"ఎవరు మార్చిన్రు పాలు?" అని సేటు గబగబా వచ్చాడు.

"ఎవరు మారుస్తరు సేట్‌సాబ్, నేను కన్ను తీస్తేగద! ఖుదా కసమ్" అంటూ వాడు కెమెరా వెనుక తెరమీద ఒక్కొక్క ఫొటో తిప్పి చూపించాడు. మొదటిదాంట్లో గీత మునిగి ఉంది. తర్వాతిదాంట్లో కొంచెం తేలింది. ఇంకోదాంట్లో ఇంకొంచెం. అరుగు అదే, జాడీ కింద రాతి మీద తడిమచ్చ అదే. ఒకే దాన్ని మళ్లీ మళ్లీ తీసే వాడి పిచ్చి ఆ రోజు మాకు అన్నం పెట్టింది.

సేటు ఏదో ఆలోచిస్తూ అలవాటుగా అరచేయి జాడీకి ఆనించాడు. "చల్లబడ్డది" అన్నాడు.

నేను ఆఫీసుకు ఫోన్ చేసి, విద్యార్థుల పేజీ చూసే ఆమెను అడిగాను. జరిగింది చెప్పాను. ఆమె విని, "పిండి ఎంతసేపైంది సార్?" అని ఒక్క ప్రశ్న వేసింది.

"మొదట వేసినప్పుడా? అప్పుడే పిండినవి. ఆవిరి కూడా వస్తోంది."

"అదే సార్ సంగతి. వేడికి ఏదైనా ఉబ్బుతుంది. పాలూ అంతే. బరువు మారదు, చోటు ఎక్కువ కావాలి. అంటే అదే జాడీలో పట్టే సరుకు కాస్త తగ్గుతుంది. పాలు తేలికవుతాయి, పుల్ల మునుగుతుంది. అప్పుడే పిండినవైతే లోపల గాలి కూడా ఉంటుంది, ఇంకా తేలిక. ఆ గీతలు చల్లారిన పాలకు గీసినవి. నీళ్లు పోసినా పుల్ల మునుగుతుంది, వేడిగా ఉన్నా మునుగుతుంది. ఏది ముంచిందో దానికి తెలీదు."

"మరి ఐసు పాలు?"

"దగ్గరకు ముడుచుకుంటాయి. బరువవుతాయి. కాసిన్ని నీళ్లున్నా పుల్ల తేలిపోవచ్చు. మొన్న కాంటీన్‌లో ఫ్రిజ్ పాలతో చూసినప్పుడే ఇన్‌ఛార్జి సార్‌తో చెప్పబోయాను..." అని ఆగింది. మిగతాది నేను విననక్కర్లేదు.

విషయం అక్కడున్నవాళ్లకు చెప్పడం నావల్ల కాలేదు. సాంద్రత అన్నాను, బావ మొహం చిట్లించాడు. ఫొటోగ్రాఫర్ అందుకున్నాడు. "చూడు పెద్దాయనా, చలికాలం ఒక చాప మీద నలుగురు ముడుచుకొని పంటరు. ఎండాకాలం అదే చాప మీద ఇద్దరే, కాళ్లు చేతులు పరిచి. చాప గదే, మనుషులు తక్కువైన్రు. వెచ్చటి పాలు ఎండాకాలం చాప. గంతే."

బావ ఆలోచించాడు. "నువ్వు చెప్పింది సమజైంది. కానీ నాకు ఒక్కనికి సమజైతే ఏం లాభం? ఊరికి గావాలె" అన్నాడు.

ఆమె చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చాయ్ ముందు సేటుకే ఇచ్చింది. సేటు తాగి, జాడీని పుల్లతో సహా పట్టుకుని, "ఇది నా దగ్గర ఉంటది. సాయంత్రం దాక నా కండ్ల ముందట" అన్నాడు. వ్యాపారి మరి. నమ్మినా, సరుకు తన గల్లా పక్కన ఉండాలి.

ఇన్‌ఛార్జికి సంగతంతా చెప్పాను. మా ఆఫీసులో ఆయన తప్పు ఒప్పుకున్నట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు.

"రేపు వివరంగా ఒక ఐటమ్ వేద్దాం" అన్నాడు.

"సార్, ఐటమ్ చదివేటోళ్లు వేరే, వీడియో చూసేటోళ్లు వేరే" అన్నాడు ఫొటోగ్రాఫర్. ఆ మాట వాడు తప్ప ఇంకెవరన్నా ఆయన కోప్పడేవాడు.

ఇన్‌ఛార్జి లేచి కండువా భుజాన వేసుకున్నాడు. "పదండి" అన్నాడు. వార్త కోసం ఆయన డెస్కు వదిలి వీధిలోకి రావడం నా సర్వీసులో నేను చూసింది అప్పుడే. ఆటోలో కూర్చున్నాక, వెళ్తూ వెళ్తూ, సబ్ ఎడిటర్‌కు ఫోన్ చేసి పాలు ఉబ్బడం గురించి రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెండోసారి నోట్స్ కూడా రాసుకున్నాడు.

సాయంత్రం పాల వేళకు దుకాణం ముందు నిన్నటికంటే ఎక్కువ జనం ఉన్నారు. బావ తన వాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. పాలు విరగకుండా తడిగుడ్డ చుట్టి ఉంచిన జాడీని సేటు బల్లమీద పెట్టాడు. పుల్ల 'ఎం' దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

"ఇవి పొద్దున ఆమె పిండిన పాలు. సేటుగారి కళ్ల ముందే ఉన్నాయి. అందరూ గీత చూడండి" అన్నాడు ఇన్‌ఛార్జి. తర్వాత సేటు లోపలి నుంచి తెప్పించిన వేడినీళ్ల గిన్నెలో జాడీని నిలబెట్టాడు. "ఇప్పుడు కూడా చూడండి. ఒక్క చుక్క కలపను."

మొదట ఏమీ కాలేదు. ఎవరో దగ్గారు. ఆటోవాడు నవ్వాడు. ఇన్‌ఛార్జి బయటి గిన్నెలో ఇంకాసిన్ని వేడినీళ్లు పోయించాడు. పుల్ల చల్లారి లేవడం చూశాను గానీ, వేడికి దిగడం నేను కూడా ఫోన్లో విన్నదే తప్ప కళ్లారా చూసింది కాదుగదా.

తర్వాత గీత పాల అంచుకు తగిలినట్టయింది. ఇంకాసేపటికి సగం గీతే కనిపించింది. "మునుగుతున్నది, మునుగుతున్నది" అని ఎవరో గట్టిగా అన్నారు. బావ మోకాళ్ల మీద వంగి, కళ్లు జాడీకి ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాడు. 'ఎం' పూర్తిగా మునిగింది.

"చూశారుగా" అన్నాడు ఇన్‌ఛార్జి. "తప్పు పాలది కాదు. పుల్లది కూడా కాదు. చల్లారిన పాలకు గీసిన గీతలివి. వెచ్చటి పాలలో ముంచింది మేము."

నిన్న వీడియో తీసినతను ఇవాళ కూడా ఫోన్ పట్టుకునే ఉన్నాడు. ఇన్‌ఛార్జి అతని దగ్గరికి పోయి, "నిన్నటిది ఎంతమందికి పంపావో ఇదీ అంతమందికి పంపు నాయనా" అన్నాడు.

"నెట్ బ్యాలెన్స్ అయిపోయింది సార్."

"ఫికర్ మత్ కర్ భాయ్" అని ఫొటోగ్రాఫర్ తన ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, వీడియో పోయేదాకా అతని భుజం మీద చేయి తీయలేదు.

బావ లేచి నిలబడి, నడుము పట్టుకుని, తన వాళ్లతో ఒక్క మాటే అన్నాడు. "మన దున్న ముందటనే నడుస్తది. గజ్జెలు తోమి పెట్టుండ్రి."

ఆటోవాడి సంగతి అడుగుతారని తెలుసు. సేటు ఆ మర్నాడు తన దగ్గరే ఉండిపోయిన మా జాడీలో అతని పాలు పోయించుకుని, ఐసు చల్లదనం పోయేదాకా గల్లా పక్కన పెట్టుకున్నాడట. పుల్ల ఎంత దిగిందో ఎంత అడిగినా మాకు చెప్పలేదు. ఆ ఆటో మాత్రం ఆ వీధికి మళ్లీ రాలేదు. మేమూ రాయలేదు. ఒక్క పుల్లను నమ్మి ఒకసారి వీధిన పడ్డవాళ్లం, మళ్లీ అదే పుల్లను నమ్మి ఇంకొకరిని పెట్టదలుచుకోలేదు.

నేను ఆ పిల్లలకు చెప్పిందిదే. పరికరం కూడా మీకు వార్త చెప్పే మనిషిలాంటిదే. అది అబద్ధమాడకపోవచ్చు. కానీ అడిగినదానికే జవాబిస్తుంది. మనం నీళ్లున్నాయా అని అడిగామనుకున్నాం. అది పాలు ఎంత బరువో చెప్పింది. నడుమ ఉన్న తేడాలో ఒక మనిషి మునిగిపోబోయింది. ఆఫీసులో చేయి కడుక్కుని ఏదో చెప్పబోయే మనిషి ఎవరైనా ఉంటే, పేజీ కాసేపు ఆగినా ఫరవాలేదు, వినండి.

ఫొటోగ్రాఫర్ ఇప్పుడు బార్కస్‌లో మనవలతో ఉన్నాడు. అప్పుడప్పుడూ పాత ఫొటోలు పంపుతాడు, ఒకటే ఫొటో నాలుగుసార్లు. సబ్ ఎడిటర్ ఆ తర్వాత సిటీ డెస్కుకు వచ్చింది. ఇన్‌ఛార్జే రప్పించాడు, ఎందుకని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం జనం ఇంకా చెదరకముందే పాలామె వచ్చింది. చంకన క్యాను, అప్పుడే పిండిన సాయంత్రం పాలు. నిన్నటి నుంచి ఫోన్లలో ఆమె మొహాన్ని చూసినవాళ్లంతా ఇప్పుడు పక్కకు జరిగి దారిచ్చారు. సేటు మెట్లు దిగి ఎదురొచ్చాడు. అరచేయి క్యానుకు ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు.

"అమ్మా, మనసుల పెట్టుకోకు" అన్నాడు. తర్వాత వ్యాపారి లేచాడు ఆయనలో. "రేపటిసంది జర చల్లార్చి తేరాదు? మళ్ల ఎవడన్న పుల్ల పట్టుకొని వస్తే ఈ లొల్లి ఎందుకు?"

ఆమె క్యాను ఆయన గల్లా పక్కన దించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నా పాలు వెచ్చగనే వస్తయి సేటూ" అంది. "పుల్లనే జర ఆగుమను."